కనికరం కోచింగ్

బళ్లో సీటు కావాలంటే ఇప్పుడు కనికరం పరీక్ష నెగ్గాలి. పెద్దయ్యాక ఎవడు క్రూరుడవుతాడో విశ్వవిద్యాలయం తయారుచేసిన ఈ పరీక్ష పసితనంలోనే తేల్చేస్తోంది. తెరమీద దెబ్బతిన్న కుక్కపిల్లను చూసి హైమ కొడుకు నిశాంత్ ఏడవలేదు. నీళ్లు తెస్తానంటూ లేచి పరుగెత్తాడు. పరీక్ష తప్పాడు.

హైమ వాణ్ని గుంటూరులో కోచింగ్‌కు చేర్చింది.

"లేచి పరుగెత్తితే ఎలాగమ్మా? కూర్చునే ఏడవాలి. పరీక్షలో కెమెరా చూసేది కన్నీళ్లనే కదా!" అన్నాడు మాస్టారు.

రెండోసారి నూటికి నూరు వచ్చాయి. ప్రాణం లేచొచ్చిన హైమ పాయసానికి పూనుకుంది. మరిగే పాలు చేతిమీద ఒలికాయి.

"నాన్నా, చన్నీళ్లు తేరా!"

వంటింటి గుమ్మం దాకా వచ్చిన నిశాంత్ అక్కడే బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కన్నీళ్లు ధారగా కారుతున్నాయి.