అద్దం కట్టిన పటం

“ఈ గీత జరపండి సారూ.”

ముసలాయన వేలు అద్దం మీద ఆనేసరికి ఓవర్సియర్ శేషాద్రికి ఒళ్ళు మండింది.

అది రోడ్డు పని పటం. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, గిద్దలూరు నుంచి కొండలోకి రోడ్డు వేస్తున్నారు. పటం అడుగున మైళ్ళు, పక్కన తేదీలు. బండలు పేల్చే మందువాళ్ళు ఏ రోజు ఏ మైలులో ఉండాలో చెప్పేది ఎర్ర గీత. వాళ్ళ వెనకే వచ్చే కంకర ఆడవాళ్ళది నల్ల గీత. పెద్ద ఇంజనీరు మెచ్చుకున్నాడని శేషాద్రి దానికి అద్దం కట్టించి, దేవుడి పటానికి మల్లే కుంకుమబొట్టు కూడా పెట్టాడు!

“ఎవరయ్యా నువ్వు? గుడారంలోకి ఎవరు రమ్మన్నారు?”

“వానకు మందోళ్ళు రెండు దినాలు ఆగినారు. కంకరోళ్ళు ఆగలేదు. శుక్రవారం నాలుగో మైలు కాడ రెండు గీతలూ తగులుకుంటాయి సారూ.”

“పై ఆఫీసు ఒప్పుకున్న పటమిది. చదువుకున్నవాళ్ళ పని నీకెందుకు? పో!”

“అద్దం కట్టినాక గీత యాడ జరుగుతాది?” అని గొణుక్కుంటూ, చంకలో మూటతో ముసలాయన వెళ్ళిపోయాడు.

కంకర కొట్టే చెంచులక్ష్మి రోజూ ఆయనకింత సంగటి పెడుతుంది. పేరడిగితే చెప్పడు. పిచ్చివాడనుకున్నారంతా.

శుక్రవారం పొద్దున గడ్డం గీసుకుంటున్న శేషాద్రికి ఈల వినపడింది. వత్తి అంటించే ముందు మందువాళ్ళు ఊదే ఈల.

నాలుగో మైలు వైపు నుంచి.

కంకర సుత్తుల చప్పుడూ అటు నుంచే వస్తోంది.

శేషాద్రి సగం గడ్డం నురగతోనే పరుగెత్తాడు. సుత్తుల మోతలో ఆడవాళ్ళకు ఈల వినపడదు. మలుపు అడ్డమై మందువాళ్ళకు ఆడవాళ్ళు కనపడరు. కేక వేసినా అంత దూరం అందదు. దేవుడా, ఇరవై మంది!

తట్టలు పారేసి ఆడవాళ్ళే ఎదురొచ్చారు.

“ముసలాయన తరిమినాడు సారూ!” చెంచులక్ష్మి రొప్పుతోంది. “పోండి పోండని రాళ్ళుచ్చుకోని ఇసిరినాడు మా మీద!”

“ఆయనేడీ?”

“రంగమ్మక్కకు చెవుడు గదా. పిల్చుకొచ్చేదానికి మళ్ళీ పోయినాడు.”

కొండ దద్దరిల్లింది.

దుమ్ములోంచి రంగమ్మ ఒక్కతే వచ్చింది.

మధ్యాహ్నం అందరి ముందూ శేషాద్రి ముసలాయన వదిలి వెళ్ళిన మూట విప్పాడు.

రెండు పంచెలు, మడతలు చిరిగిన ఒక పాత పటం.

అందులోనూ ఎర్ర గీత, నల్ల గీత. రెండూ తగులుకున్న చోట పెన్సిలుతో ఏడుగురు ఆడవాళ్ళ పేర్లు. వేలితో తడిమి తడిమి ఆ చోట కాగితం అరిగిపోయింది.

పేరడిగితే చెప్పని ముసలాయన పేరు పటం అడుగున ఉంది: ‘గీసినది, ఓవర్సియర్ నరసింహం.’