ముందు నడిచేవాడు

"ముందల ఎవరు నడుస్తరు?"

ముత్తయ్య అడిగిన మాటకు ఇంటిల్లిపాదీ నేలచూపులు చూశారు. అడవిలోకి పోయే కాలిబాట మొదట్లో అందరూ ఆగిపోయారు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. బీడీలకు అమ్ముకునే తునికాకు లేతగా ఉన్నది ఈ గుట్ట మీదే. గుట్టకు పోవడానికి ఉన్నది ఈ బాట ఒక్కటే. మొన్న పక్కింటి పొజ్జా భార్య మట్టిలో పాతిన బాంబు తొక్కి మోకాలి దాకా కాలు పోగొట్టుకుంది కూడా ఈ బాటలోనే. బాంబు ఎవరు పెట్టారని అడిగేవాళ్లు ఆ ఊళ్లో లేరు. ఇంకా ఎన్ని ఉన్నాయన్నదే అందరి భయం. అలాగని ఆకు కోయకుండా ఇంట్లో కూర్చుంటే వానాకాలమంతా ఏం తిని బతకాలి?

"నేనే నడుస్త," అన్నాడు ముత్తయ్య చివరికి.

"నీకు కండ్లే సక్కగ కానరావు. నువ్వు తొక్కినవంటే ఎనకొచ్చే మేమందరం పోతం," అంది అతని భార్య సోమక్క.

"అయితే నేను పోత." కొడుకు దుర్గేశ్ అడుగు వేయబోయాడు. చంకలో పిల్లతో ఉన్న అతని భార్య గంగ చటుక్కున చొక్కా పట్టుకుంది.

"పో. ఈ పిల్లను గూడ ఎత్తుకొని పో. నువ్వు లేనంక మేము ఉండి ఏం జెయ్యాలె?"

దుర్గేశ్ వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

ఇక మిగిలింది సన్న. అతని పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా. సన్న ఆ ఇంటి లమ్సేన. పిల్లకు ఓలి సొమ్ము ఇచ్చుకునే స్తోమత లేక, ఆ పిల్ల తండ్రి ఇంట్లో ఏళ్ల తరబడి చాకిరీ చేసి పెళ్లి చేసుకుందామని వచ్చినవాడు. ఆ ఇంట్లో దున్నేదీ అతనే, కట్టెలు కొట్టేదీ అతనే. పెళ్లి మాత్రం ముందటేడు ఇల్లు కప్పాలని ఆగింది, పోయినేడు ఎద్దు చచ్చిందని ఆగింది. ఈసారైనా ముత్తయ్య కూతురు దీపను తనకిచ్చి చేస్తారా, చేయరా? పొద్దున లేస్తే అతనికి అదే దిగులు.

"నేను పోత మామా," అన్నాడు సన్న.

ముత్తయ్య వద్దనలేదు. సోమక్క మొహం పక్కకు తిప్పుకుంది. దీప ఒక్కతే దగ్గరికొచ్చింది.

"పైలం," అంది.

ఆ ఒక్క మాటకే సన్నకు కొండంత ధైర్యం వచ్చింది. పాపం, ఆ ధైర్యం మొదటి మలుపు దాకా కూడా నిలవలేదు. ఎండుటాకులు కుప్పగా ఉంటే ఆగాడు. మట్టి కొత్తగా తవ్వినట్టు కనిపిస్తే పక్కకు జరిగాడు. ఆ పక్కన మాత్రం ఏముందో ఎవడికి తెలుసు? ఒకచోట కాలి కింద ఏదో టక్కుమంది. పైప్రాణాలు పైనే పోయాయి. కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయాడు. తెరిచి చూస్తే ఎండుకొమ్మ.

వెనక్కి తిరిగి చూశాడు. ఇంటివాళ్లు చాలా ఎడంగా వస్తున్నారు. అతను కాలు పెట్టిన చోటే కాలు పెడుతూ, ఒకరి వెనక ఒకరు, గుండెలు చిక్కబట్టుకుని వస్తున్నారు.

గుట్ట మీద తునికి చెట్లు కనిపించగానే సన్న కూలబడ్డాడు. ఏడుపు వస్తోంది. అందరికన్నా ముందు అతని దగ్గరికి చేరింది దీపే. జావ ఉన్న సొరకాయ బుర్ర అతని నోటికి అందించింది. అతను తాగేదాకా బుర్ర పట్టుకునే ఉంది. దాంతో సన్నకు ప్రాణం లేచొచ్చింది.

ఎండ ముదిరేదాకా ఆకు కోశారు. ఇది ఇవ్వాళ్టితో తీరిపోయే పీడ కాదు. రాత్రికి రాత్రి ఎవరొచ్చి ఏం పెట్టిపోతారో తెలియదు. ఆకు ఉన్నన్నాళ్లూ తెల్లారితే మళ్లీ ఇదే బాట, మళ్లీ ఇదే భయం.

నీడకు చేరి కట్టలు కడుతుండగా సోమక్క ఉండబట్టలేక మొగుడితో అనేసింది.

"ఇంకెన్నొద్దులు ఈ పిలగాని ఉసురు పోసుకుంటం? పానం అడ్డంబెట్టి మనల్ని తోలుకొచ్చిండు. ఇంకా ఏం జూస్తున్నవ్? పెండ్లి జెయ్యరాదు."

ముత్తయ్య చేతిలోని ఆకు పక్కన పెట్టాడు. సన్న ఊపిరి బిగబట్టి అతని మొహమే చూస్తున్నాడు.

"నిజమే," అన్నాడు ముత్తయ్య. "ఇటు రా అల్లుడా."

అల్లుడా అన్నాడు. ఇన్నేళ్లలో ఏరా, పిలగా అనడమే తప్ప ఆ మాట అతని నోట రావడం ఇదే మొదటిసారి.

"వచ్చే బేస్తారం పెండ్లి. పూజారికి నేను జెప్త. ఇంక ఓలి లేదు, గీలి లేదు. నువ్వు తీర్చేసినవ్."

సన్న గబుక్కున లేచి నిలబడ్డాడు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. పడ్డ కష్టమంతా ఒక్క క్షణంలో మరిచిపోయాడు. అదే సంబరంతో దీప వైపు చూశాడు.

దీప కడుతున్న కట్ట ఆపేసింది.

"బేస్తారం వద్దు నాయినా. ఆకు అయిపోయినంక చేద్దాం."

ముత్తయ్య నివ్వెరపోయాడు. "ఏందే? నీకు వీడంటే ఇష్టం లేదా?"

"ఇష్టమే. గందుకే వద్దంటున్న." దీప సన్న వైపు చూడకుండా మళ్లీ కట్ట అందుకుంది. "పెండ్లయినంక నా మొగుణ్ణి ముందల నడవనిస్తనా నేను? సగం ఆకు ఇంక గుట్ట మీదనే ఉన్నది."