మెలిక దండ పంపకం

ఓ సెలయేటి ఒడ్డున, చెట్టుకొమ్మకి గింజల దండ ఒకటి వేలాడేది. రెండు పేటల మెలిక దండ అది. ఒక పేటలో గురివింద ఉన్నచోట ఎదురు పేటలో కుంకుడు గింజ ఉండేది. ఏ కాలంలో ఏ మేతకి వెళ్లాలో జింకలు ఆ గింజల వరస చూసే తెలుసుకునేవి.

మంద రెండుగా విడిపోయే రోజొచ్చింది. “తాతల నాటి దండ మాకే” అంటూ రెండు గుంపులూ కుమ్ములాటకి దిగాయి.

“ఆగండర్రా, ఒకదాన్ని రెండు చేద్దాం” అంటూ ఆ చెట్టు మీది ఉడుత దండ మెలి విప్పసాగింది. జింకలు గగ్గోలు పెట్టాయి.

విడిపోయిన మొదటి పేట ముందు గూళ్లల్లే గిజిగాడు గింజ పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

“అల్లవేం బావా?” అంది ఉడుత.

“అల్లిక సాగించడమే వచ్చు నాకు, మొదలెట్టడం రాదు. చీమక్క రావాలి.”

చీమ వచ్చి మొదటి ముడి వేసింది. గిజిగాడు ఎదురు గింజకి తగిన గింజ గుచ్చుతూ ఉడుత వెంటే సాగాడు. రెండో పేట దగ్గర అతని తమ్ముడు మాత్రం వెనక్కి తిరిగి, ముక్కలు ముక్కలుగా అల్లాడు.

“ఇదేం చోద్యం?” అన్నాయి జింకలు.

“మా అల్లిక ఒకవైపే నడుస్తుంది. ఈ పేటేమో తిరగబడి ఉంది. ఉడుత కొంత విప్పినప్పుడల్లా మళ్లీ అక్కణ్ణించి వెనక్కి అల్లుకు రావాలి” అన్నాడు తమ్ముడు.

ప్రతి ముక్కకీ చీమే ముడి వేసింది. ముక్కలన్నిటినీ సాలీడు కలిపింది.

పొద్దు వాలేసరికి ఒకేలాంటి దండలు రెండు వేలాడాయి. ముసలి జింక రెంటినీ ఎగాదిగా చూసి ఉడుతని అడిగింది.

“పాతది ఎవరికిచ్చావే?”

“ఇద్దరికీ. చెరో పేట.”

“మరి కొత్తది?”

“అదీ ఇద్దరికీ.”