వంగని మెడ

“ఈసారైనా మీ దేవదూత తప్పు ఒప్పుకున్నాడా?” అని లోపలి నుంచి అడిగింది భార్య.

వీధి అరుగు మీద కూర్చున్న కవి మోకాలి మీద కాగితం సవరించుకున్నాడు. స్వర్గం నుంచి గెంటేసిన దేవదూత మీద కావ్యం రాస్తున్నాడాయన. చివరి పద్యం ఒక్కటే మిగిలింది. అందులో దేవదూత క్షమాపణ అడగాలి. అడిగితేనే దేవుడు మళ్లీ రానిస్తాడు. లేదంటే కావ్యం గాల్లో వేలాడుతుంది, రేపటి సభలో కవి పరువూ వేలాడుతుంది.

“విను. ‘ప్రభూ! సూర్యుడంతటి నేను నీ ముందు తల వంచుతున్నాను.’”

“తల వంచేవాడికి సూర్యుడెందుకండీ?”

“అది ఉపమానం.”

“పొగరు.”

ఆయన సూర్యుణ్ణి కొట్టేశాడు. మనసు చివుక్కుమంది. బంగారంలాంటి సూర్యుడు.

“అసలు వాడు చేసిన తప్పేమిటి?”

“నిండు కొలువులో, సృష్టి ఏమంత గొప్పగా లేదన్నాడు.”

“చుట్టాలందరి ముందూనా?”

“దేవదూతలకి చుట్టాలేమిటే!”

“పోనీ, నలుగురి ముందూ అన్నాడు కదా. ఆ దేవుడు పొద్దున్నుంచీ నిలబడి చేసుంటాడు, పాపం.”

కవి దగ్గాడు. “‘పొరపాటు జరిగినట్లు తోస్తోంది’ అంటే ఎలా ఉంటుంది?”

“ఎవరికి తోస్తోంది? ఎవరు చేశారట?”

పక్కింటి దర్జీ సైకిల్ మీద పోతూ ఆగాడు. “ఏం గురువుగారూ, ఇంకా తెమల్లేదా?”

“చివరి పద్యం దగ్గర ఆగిందయ్యా.”

“అందరం అక్కడే ఆగుతాం లెండి,” అని నవ్వుకుంటూ పోయాడు దర్జీ.

కవికి ఒళ్లు మండింది. తన దేవదూతకి ఛందస్సంతా వచ్చు, సిగ్గు మాత్రం రాదు. నిఘంటువు మొత్తం నోట్లో ఉంది గానీ రెండు ముక్కలు గొంతు దాటడం లేదు. దేవదూతలకి ఆకలి వేస్తుందో లేదో, కవికి మాత్రం కడుపు కాలుతోంది.

కాగితం మడిచి పక్కన పెట్టాడు.

“నాదే తప్పు.”

“అలా గొణిగితే సభలో ఎవరికీ వినపడదు.”

“నాదే తప్పు! ఊరికే నోటి దురదకొద్దీ అన్నాను. నిజానికి బాగుంది, చాలా బాగుంది. అది ఒప్పుకుంటే నేనెక్కడ తగ్గిపోతానోనని అలా కూశాను. క్షమించవే!”

“దేవుణ్ణి ‘వే’ అంటారా?”

“అంటారు,” అన్నాడు కవి నీరసంగా.

లోపల కంచం పెట్టిన చప్పుడైంది.

“ఇప్పుడు కుదిరింది పద్యం. రండి, చుట్టాల ముందు మీరు వంక పెట్టిన కూరే మిగిలింది.”

ఆమె లోపలి నుంచి వీధి తలుపు గడియ తీసింది.