కితకితల పరీక్ష

“లోపం మా ఆయన కాల్లో లేదమ్మా, మీ దారంలో ఉంది!” అని కుండ బద్దలుకొట్టినట్టు చెప్పేసింది కోటేశ్వరమ్మ.

బందరులో పాదాల క్లినిక్ అది. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు శంకరరావు. షుగరు మనిషి. డాక్టర్ జెనిఫర్ సన్నటి నైలాన్ దారం తీసుకుని ఆయన అరికాలి మీద పదిచోట్ల తాకించింది. తగిలినప్పుడల్లా చెప్పమంది. ఆయన చెప్పింది రెండేరెండుసార్లు. ఆ రెండుసార్లూ డాక్టరమ్మ చెయ్యి పాదానికి జానెడు దూరంలో ఉంది.

“స్పర్శ పోయినట్టుందమ్మా,” అంది జెనిఫర్ మెల్లగా.

ఆ మాటకి కోటేశ్వరమ్మ గుండె ఝల్లుమంది. కిందటేడు ఆవిడ బావగారు చలపతిరావు కాల్లో మేకు దిగితే, మూడు రోజులదాకా ఆయనకే తెలియలేదు. చివరికి మోకాలి కిందికి తీసేశారు. అప్పట్నుంచి కోటేశ్వరమ్మ భయమంతా మొగుడి కాళ్ల మీదే. భయం వేసినకొద్దీ గొంతు పెంచడం ఆవిడకి పుట్టుకతో వచ్చిన గుణం.

“ఇదీ ఒక దారమేనా? చేపల గాలానికి కట్టేది! మాది పెడనండీ, నేతపనే మా బతుకు. నూలు సంగతి మాకు తెలీదా? ఇదెన్నో నంబరు, చెప్పండి?”

జెనిఫర్ నవ్వు ఆపుకుంది. “నంబరు సంగతి నాకు తెలీదు గానీ, ఇంట్లో ఆయన పాదాలు ఎవరు చూస్తారండీ?”

“ఇంకెవరు, నేనే! రోజూ సాయంత్రం మగ్గం గుంటలోంచి లేవగానే గోరువెచ్చటి నీళ్లతో కడుగుతాను. ఆ వేడి ముందు నా మోచేత్తో చూసుకుంటాను. వేళ్ల సందుల్లో తడి లేకుండా ఒత్తి తుడుస్తాను. మడమలకి కొబ్బరినూనె రాస్తాను. సందుల్లో రాయను, నాననివ్వకూడదంట కదా! గోళ్లు మూలలు తీయకుండా తిన్నగా కత్తిరిస్తాను. అద్దం పెట్టి అరికాలంతా చూస్తాను. ఆఖర్న గంజి పెట్టిన పోగుతో అక్కడక్కడా గుచ్చుతాను. కితకితలంటూ ఒకటే నవ్వు ఈయన!”

“కళ్లు తెరుచుకునా?”

“మూయించే! నేనంత తెలివితక్కువదాన్నా?” అంది కోటేశ్వరమ్మ. ఉన్నట్టుండి ఆవిడ గొంతు తగ్గిపోయింది. “ఆయన అలా నవ్వితేనే ఆ రాత్రికి నాకు నిద్ర పడుతుందమ్మా.”

శంకరరావు ఖంగుఖంగున దగ్గాడు. “పోనిద్దూ కోటేశ్వరీ. బయట అంతమంది కాచుకునున్నారు. బొటనవేలి కింద ఆ ఆనెకాయేదో చెక్కించుకుని బస్సెక్కుదాం.”

“మీరు నోరు మూసుకోండి. కళ్లు కూడా!”

సంచి వెతికి, కాగితంలో చుట్టి తెచ్చిన పోగు బయటికి తీసింది. కుర్చీ ముందు చతికిలబడి బొటనవేలి కింద గుచ్చింది.

“ఆఁ, తగిలింది!” అన్నాడు శంకరరావు, కిసుక్కున నవ్వి.

మడమ మీద గుచ్చింది. “అబ్బ, తగిలిందే తల్లీ!”

మధ్యలో ఒకసారి తాకకుండా ఊరికే కూర్చుని చూసింది. ఆయనా ఊరుకున్నాడు. మళ్లీ గుచ్చగానే పకపకా నవ్వాడు. కోటేశ్వరమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మొహం చాటంత చేసుకుని డాక్టరమ్మ వంక తిరిగింది. “చూశారా?”

జెనిఫర్ ఆ పోగే తీసుకుని, అవే చోట్ల గుచ్చింది. శంకరరావు దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. పోగు మళ్లీ కోటేశ్వరమ్మకిచ్చింది. ఆవిడ గుచ్చడం, ఆయన నవ్వడం!

“అదే పోగు, అదే పాదం,” అంది జెనిఫర్, అంతుపట్టక.

“చెయ్యి వేరు కదమ్మా,” అంది కోటేశ్వరమ్మ. ఆ వయసులో కూడా ఆవిడకి కాస్త సిగ్గేసింది. “ముప్ఫయ్యారేళ్ల కాపురం. నా చెయ్యి ఆయన కాలికి తెలుసు.”

శంకరరావు మూసిన కళ్లతోనే ముసిముసిగా నవ్వుకున్నాడు.

“అమ్మా, ఒక్కమాట వినండి,” అంది జెనిఫర్. “స్పర్శ పోయినంతమాత్రాన కాలు పోదు. పోయిందని తెలియకపోతేనే ముప్పు. తెలిసిందనుకోండి, ఆయన కొలతకి మెత్తటి చెప్పులు చేయిస్తాను. నెలనెలా ఆనెలు నేనే చెక్కుతాను. మీరిప్పుడు చేస్తున్నవన్నీ చేస్తూనే ఉండండి, ఆ కాలు నూరేళ్లూ ఉంటుంది. నాకు కావాల్సింది నిజం.”

“నిజం మీ కళ్లెదురుగానే ఉందిగా!”

జెనిఫర్ చూపు ఆవిడ కుడిచేతి మీద పడింది. తర్వాత ట్రేలోంచి కట్టుగుడ్డ చుట్ట తీసి, ఆవిడ కుడి ముంజేతికి మణికట్టు నుంచి పైదాకా గట్టిగా చుట్టేసింది. నా చేతికేమొచ్చింది అని అడగబోయింది కోటేశ్వరమ్మ. డాక్టరమ్మ పెదాల మీద వేలు పెట్టి, ఇంకోసారి గుచ్చమని సైగ చేసింది.

బొటనవేలి కింద గుచ్చింది. పలకలేదు. మడమ మీద గుచ్చింది. పలకలేదు. ఈసారి కోటేశ్వరమ్మ అరికాలి మధ్యలో పోగు వంగిపోయేదాకా నొక్కింది. శంకరరావు పెదాలు నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి గానీ, నవ్వు మాత్రం రాలేదు. చాలాసేపు అలాగే ఎదురుచూశాడు.

“ఒసే కోటేశ్వరీ,” అన్నాడు చివరికి, కళ్లు తెరవకుండానే, “నేను బతికుండగా గాజులెందుకు తీశావే?”