నాలుగో గొట్టం

చేయాల్సిన పనులు గోడమీది తెల్లబోర్డు మీద రాసి ఉన్నాయి. మనిషి జన్యువు పెట్టిన బాక్టీరియాను పెంచాలి. దాన్ని చితక్కొట్టి, అది తయారుచేసిన గ్రోత్ ఫ్యాక్టర్‌ను, అంటే కణాలను పెంచే ప్రొటీన్‌ను, బయటికి తీయాలి. ముద్దకట్టిన ఆ ప్రొటీన్‌ను కరిగించి, చలిగదిలో నెమ్మదిగా మళ్ళీ సరైన మడత పడనివ్వాలి. శుద్ధిచేసి పన్నెండు గొట్టాల్లోకి పట్టాలి. ఈ సాయంత్రం ఐదింటిలోగా చర్మకణాలకు పెట్టాలి.

తైపేలోని ఆ ల్యాబులో ఆఖరి పని తప్ప అన్నీ అయ్యాయి. కానీ నాలుగో గొట్టం కనిపించడం లేదు.

"గ్రాఫు చూడు. ప్రొటీనంతా నాలుగోదాంట్లోనే దిగింది," అన్నాడు ప్రొఫెసర్ లియావ్. వెంటనే స్టాండు వైపు తిరిగాడు. "స్టాండులో ఏమున్నాయి? ఒకటి, రెండు, మూడు, ఐదు! మూడు వారాల కష్టం. ఎవరు పారేశారు?"

పరిశోధన విద్యార్థిని పెయ్-షాన్ అప్పటికే చెత్తడబ్బాలో చేయిపెట్టి వెదుకుతోంది. "కణాలు పొద్దుట్నుంచి ముడుచుకుపోతున్నాయి సార్. ఫ్రీజర్‌లోంచి తీసిన ఆఖరి సీసా అది. ఇవి పోతే మళ్ళీ లేవు."

"ఐసుపెట్టె కింద చూశావా?"

"రెండుసార్లు చూశాను."

గాజుసామాను కడిగి, గొట్టాల మీద అంకెలు వేసే పావ్-చూ తలుపు దగ్గర నిలబడి ఉంది. ల్యాబులో అందరికీ ఆవిడ 'ఆయీ', అంటే పిన్ని. మొన్న చలిగదిలో రెండు స్వెట్టర్లు తొడుక్కుని, మూడు రోజులు వేళ తప్పకుండా ప్రొటీన్ ఉన్న ద్రావణం మార్చింది ఆవిడే.

"వెదకడం ఆపి లెక్కపెట్టండి," అంది ఆయీ.

పెయ్-షాన్ లెక్కపెట్టింది. పన్నెండూ ఉన్నాయి. చివరిదాని మీద పదమూడు అని ఉంది.

"ఆయీ! మీరు నాలుగు వెయ్యలేదా?"

"లేదు. మూడు తర్వాత ఐదు వేశాను."

మా చైనీస్ భాషలో నాలుగన్నా, చావన్నా దాదాపు ఒకే పలుకు. చాలా ఆసుపత్రుల్లో నాలుగో అంతస్తుకు ఆ అంకె వెయ్యరు. ప్రొఫెసర్ కుర్చీలో కూలబడి పగలబడి నవ్వాడు.

"ఇది ల్యాబు ఆయీ, ఆసుపత్రి లిఫ్టు కాదు! ఇంకోసారి ఇలా చేస్తే మీచేత నాలుగువేల సార్లు నాలుగు రాయిస్తాను."

"తిట్లు తర్వాత తింటాను సార్. ముందు వాటికి తిండి పెట్టండి. ఐదవుతోంది."

ఐదు అంకె వేసిన గొట్టంలోంచి పెయ్-షాన్ ఒక్క చుక్క కొలిచి తీసింది. కణాలకు పెట్టింది కంటికి కనిపించనంత ప్రొటీన్.

మర్నాడు పొద్దున మైక్రోస్కోపులో చూస్తే, ముడుచుకున్న కణాలు కాళ్ళు చాపుకుని, ఒకదాన్నొకటి తాకుతూ పరుచుకుంటున్నాయి.

"ఎంత చక్కగా మడతపడింది ఆ ప్రొటీన్!" అన్నాడు ప్రొఫెసర్. "ఇరవై ఏళ్ళలో నా చేతికి ఇంత మంచిది రాలేదు. మీ చేతి చలవ ఆయీ."

ఆయీ కళ్ళద్దాలు తీసి మైక్రోస్కోపుకు కన్ను ఆనించింది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"అయినా అంత పట్టింపేంటి ఆయీ?" పెయ్-షాన్ నవ్వింది. "కణానికి అంకెలు చదవడం వచ్చా ఏంటి?"

"దానికి వచ్చు," అంది ఆయీ తల ఎత్తకుండానే. "లెక్కల టీచరు."

ల్యాబు కాగితాల్లో ఆ కణాలకు నంబరొక్కటే ఉంది. చనిపోయాక తన చర్మాన్ని పరిశోధనకు తీసుకొమ్మని రాసిచ్చిన ఆయీ కూతురి పేరు కో రుయ్-వెన్. మీరైనా ఆ పేరు గుర్తుంచుకోండి.