పేరులోనే కంపు

"బాల్కనీలో ఉన్న ఆ బకెట్ ఇప్పుడే ఖాళీ చేయాలి," అన్నాడు అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు, టైలరు ఇంటి హాల్లో నిలబడి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. ఆయన వెనకాలే ప్లంబరు, కింది వాటా పంతులమ్మ. వాళ్ళూ ముక్కులు మూసుకునే ఉన్నారు.

 బకెట్లో ఉన్నది టైలరు మొక్కల కోసం తయారుచేస్తున్న ఎరువు నీళ్ళు, కంపోస్ట్ టీ. ఆరు నెలలు మాగబెట్టిన కూరగాయ తొక్కల ఎరువును పాత దిండు గలీబులో మూటకట్టి, నీళ్ళలో వేలాడదీసి, చెంచాడు చక్కెర కలిపి, చేపల తొట్టి మోటారుతో నిన్నటి నుంచి బుడగలు కొట్టిస్తున్నాడు. ఇంకో గంటలో వడగట్టి టమాటా మొక్కలకు పోయాలి. ఆకులు పసుపెక్కి, వచ్చిన పూత వచ్చినట్టే రాలిపోతున్న ఆ నాలుగు మొక్కలకూ ఇదే ఆఖరి మందని అతని నమ్మకం.

పాడైతే కంపు కొడుతుంది గానీ, కుదిరితే తడిసిన మట్టి వాసనే వస్తుందని వాళ్ళకు నచ్చజెప్పబోయాడు.

"కంపోస్టంటూ పేరులోనే కంపు పెట్టుకుని, వాసన రాదంటారేమిటి?" అన్నాడు ప్రెసిడెంటు.

నిన్న సాయంత్రం ఆయన ఇంట్లో జరిగిన మీటింగులో మొదలైందట ఈ కంపు. ఎలుక చచ్చిందేమోనని పొద్దుటి నుంచి ఆయనే ముందుండి ఇల్లిల్లూ గాలిస్తున్నాడు. పంతులమ్మ మంచం కింద దేవులాడారు. ప్లంబరు చేత మూడిళ్ళలో తూములు విప్పించారు. ఏ ఇంట్లోకి వెళ్ళినా అదే కంపు, ఎలుక మాత్రం లేదు. చివరికిప్పుడు బకెట్ దొరికింది.

టైలరు దిక్కుతోచక భార్య వైపు చూశాడు. మోటారు గురగుర భరించలేక నిన్నటి నుంచి చెవుల్లో దూది పెట్టుకు తిరుగుతున్న ఆవిడ, నన్నడక్కండి అన్నట్టు గోడవైపు తిరిగింది.

పోనీ మొక్కలకే పోసేస్తానని బతిమాలాడు. బిల్డింగంతా పాకుతుంది, కుదరదన్నారు. చేసేదిలేక మోటారు ఆపి, బకెట్‌ని పసిబిడ్డలా రెండు చేతులతో ఎత్తుకుని స్నానాలగది తూము దగ్గరికి నడిచాడు.

"కుమ్మరిస్తే ఇంకా కంపు లేస్తుంది, నేను బయటుంటా," అంటూ ప్రెసిడెంటు గుమ్మం అవతలికి వెళ్ళి, బూట్లు తొడుక్కుని లేసులు కట్టుకున్నాడు.

టైలరు కళ్ళు మూసుకుని బకెట్ వంచబోయాడు. ఇంతలో పంతులమ్మ ముక్కు మీద నుంచి చేయి తీసింది. ప్లంబరు ఒకసారి గాలి పీల్చి, నమ్మకం కలగక మళ్ళీ పీల్చాడు. కంపు మచ్చుకైనా లేదు.

టైలరు భార్య చెవుల్లోంచి దూది తీసేసి, తాపీగా గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"ఏవండీ, ఆ బకెట్ దించండి. అన్నయ్యగారూ, మీరు మాత్రం ఇంకే ఇంట్లోనూ ఆ బూట్లు విప్పకండి."